తీగతో కట్టేసిన స్విచ్చి

సంపాదకులకు నమస్కారం. మా బావమరిది ఒక చిన్న ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్లో చేస్తాడు. తలుపు తెరిస్తే మెషీన్ దానంతటదే ఆగాలి కదా, అలా ఆగుతుంటే పీసులు తగ్గుతున్నాయని ఆ స్విచ్చిని తీగతో కట్టేశారట. చేరిన రోజే సేఫ్టీ ట్రైనింగ్ రిజిస్టర్లో ఆరు సంతకాలు పెట్టించుకున్నారు, ట్రైనింగ్ మాత్రం సున్నా.

2024 ఆగస్టులో అచ్యుతాపురం ఫ్యాక్టరీ పేలుడులో 17 మంది పోయారు. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులో యాభై మంది దాకా. అక్కడ ఎవరు చనిపోయారో, ఎవరు కనిపించడం లేదో తేల్చడానికే రోజులు పట్టింది. ప్రతిసారీ ఒక కమిటీ, పరిహారం, నాలుగు రోజులు తనిఖీలు, మళ్లీ షరా మామూలే.

2020 నాటి వృత్తి భద్రత కోడ్ (పనిచోట కార్మికుల భద్రత చట్టం) 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది, జాతీయ సలహా బోర్డు కూడా ఉంటుందట, మంచిదే. కానీ కరెంటుతో నడిచే యూనిట్‌ను చట్టం ఫ్యాక్టరీగా చూడాలంటే కనీసం 10 మంది కార్మికులు ఉండాలన్న లెక్కను అందులోనే 20 చేశారు. మావాడి దగ్గర ఉన్నది 14 మంది. ఇన్‌స్పెక్టర్ పేరు చివర 'ఫెసిలిటేటర్' అని కూడా తగిలించారు (ఎవరికి ఫెసిలిటీయో మరి).

బోర్డు సంగతి తర్వాత, ముందు వేలు తెగినా రాసే ఒకే జాతీయ రికార్డు పెట్టండి, కాంట్రాక్టు వాళ్ల పేర్లతో సహా.

- ఒక పాఠకుడు, సంగారెడ్డి