మ్యాచ్ ముగిశాక ఇల్లు చేరేదెలా?

సంపాదకులకు,

విశాఖపట్నం మధురవాడ క్రికెట్ స్టేడియంలో రాత్రి మ్యాచ్ ముగిసేసరికి పదకొండు అవుతుంది. వేల మంది ఒక్కసారిగా జాతీయ రహదారి మీదికి వస్తారు. మొన్న మ్యాచ్‌కు వెళ్లి, నిద్రతో తూలుతున్న పదేళ్ల కూతురి చెయ్యి పట్టుకుని కార్‌షెడ్ కూడలి దాటి నడిచాను. బస్సు లేదు. గాజువాకకు ఆటో అడిగిన ధర మా ఇద్దరి టికెట్ల కంటే ఎక్కువ! ఆడపిల్లలు ఒంటరిగా మ్యాచ్‌కు ఎలా రాగలరు?

కోల్‌కతా సాల్ట్‌లేక్ ఫుట్‌బాల్ స్టేడియానికి 2020 నుంచి మెట్రో నడుస్తోంది, హైదరాబాద్‌లో ఉప్పల్ స్టేడియానికీ ఉంది. మనకు మెట్రో వచ్చేదాకా ఆగనక్కరలేదు. మ్యాచ్ రాత్రుల్లో గాజువాక, ద్వారకా బస్‌స్టేషన్, కొమ్మాదిల వైపు వెళ్లే ప్రత్యేక బస్సులను స్టేడియం ఎదుటే అర్ధరాత్రి దాకా నిలిపి ఉంచాలి. ఛార్జీని టికెట్ ధరలోనే కలిపినా సంతోషంగా కడతాం.

– ఒక అభిమాని, గాజువాక, విశాఖపట్నం