కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2025–26: మత్తు మీద మన పని

సభ్యులందరికీ నమస్కారం.

మంచినీళ్ల లైను, వీధి లైట్లు, వినాయక చవితి ఖర్చుల లెక్కలన్నీ నోటీసు బోర్డు మీద అంటించాం, చూసుకోండి. ఈ నివేదికలో మాత్రం మత్తు గురించే చెప్పదలచుకున్నాం. ఏడాదంతా కమిటీని నిద్రపోనివ్వనిది అదే.

2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఆ వార్తకు భయపడి మన మూడో లైన్లో ఒకతను తల్లిని కల్లు కాంపౌండ్‌కు పోనివ్వకుండా ఇంట్లో పెట్టి గడియ వేశాడు. ఆమె ఇరవై ఏళ్లుగా మేస్త్రీల దగ్గర కూలికి పోతోంది, సాయంత్రానికి ఒక సీసా పడాల్సిందే. రెండో రోజుకు చేతులు వణికి, చాయ్ గ్లాసు నోటిదాకా పోయేలోపే సగం చీర మీద ఒలికింది. మూడో రాత్రి ఫిట్స్. గాలి సోకిందని ఇరుగుపొరుగు నిమ్మకాయ దిగదుడుస్తుంటే, మన కోశాధికారి ఆటో పిలిచి ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి తీసుకెళ్లారు. కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రాజోలం (ఆందోళన తగ్గించి మత్తునిచ్చే మందు) లాంటి దానికి ఒళ్లు అలవాటు పడితే, ఒక్కసారిగా మాన్పించడం ప్రాణం మీదకు తెస్తుందని, డాక్టరు చూస్తుండగా మెల్లమెల్లగా తగ్గించాలని అక్కడ చెప్పారు. ఆ కొడుకు చేసింది ప్రేమతోనే. తెలియక చేశాడు. మనకూ అప్పటిదాకా తెలియదు.

ఇంకొక సంగతి ఒప్పుకోవాలి. నిరుడు కమ్యూనిటీ హాలు వెనక పంక్చర్ సొల్యూషన్ పాల కవర్లో పోసి పీలుస్తున్న పిల్లలు దొరికారు. అందరి ముందు కొట్టాం, తల్లిదండ్రుల చేత క్షమాపణ చెప్పించాం. వాళ్లలో ఒకడు మర్నాటి నుంచి బడి మానేశాడు. అది సంఘం చేసిన తప్పు. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసి 2019లో వెల్లడించిన సర్వేలో పెద్దల కన్నా పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు ఈ పీల్చేది ఒక్కటే: పెద్దల్లో 0.58 శాతం, పిల్లల్లో 1.17 శాతం. గంజాయికి డబ్బులు కావాలి, సొల్యూషన్‌కు చిల్లర చాలు. ఈ ఏడాది అదే పిల్లాడి ఇంటికి ముగ్గురం నాలుగుసార్లు వెళ్లాం. మొదటి రెండుసార్లు వాళ్లమ్మ తలుపు తీయలేదు. ఇప్పుడు వాడు కౌన్సెలింగ్‌కు పోతున్నాడు, బడికి ఇంకా పోవట్లేదు.

కేసు అవుతుందన్న భయంతోనే చాలామంది దాస్తున్నారు. మత్తుమందుల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. వాడినందుకో, కొద్ది మోతాదు దగ్గరుంచుకున్నందుకో కేసులో ఇరుక్కున్న బాధితుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వెళ్లి పూర్తి చేసుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదు. అమ్మేవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. దీన్ని కరపత్రంగా వేసి ఇంటింటికీ పంచాం. మన చుట్టుపక్కల మెడికల్ షాపులవాళ్లతోనూ మాట్లాడాం. డాక్టరు చీటీ లేకుండా ఆల్ప్రాజోలం ఇవ్వకూడదన్నది వాళ్లకు తెలిసిన రూలే. ఒకరు మాత్రం మాట దాటేశారు. ఆ షాపు మీద కన్నేసి ఉంచాం.

మత్తు అమ్మేవాళ్ల సమాచారం చెప్పడానికి 1908, మాన్పించే సాయానికి 14446. రెండూ ఫోన్లో ఎక్కించుకోండి.

వచ్చే ఏడాది ప్రతి ఆదివారం సాయంత్రం 5 గంటలకు హాలు తెరిచి ఉంటుంది, మాట్లాడాలనుకున్నవాళ్లు రావచ్చు. ఈ ఏడాది హాలు గుమ్మం దగ్గర పేర్లు రాసే రిజిస్టర్ పెడితే ఇద్దరు తల్లులు దాన్ని చూసి వెనక్కి పోయారు. ఆ రిజిస్టర్ తీసేశాం.

— కార్యదర్శి, కమిటీ తరఫున