కంకర రోడ్డు నుంచి నాన్నగారికి

యాష్‌బర్న్, వర్జీనియా

నాన్నగారికి నమస్కారాలు.

మొన్న ఫోన్లో మీరు "రోడ్డు సర్వే అంటే వెడల్పు చేస్తున్నారా?" అని అడిగారు. "కాదండీ, వెడల్పు చెయ్యకుండా చూడ్డానికి" అన్నాను. అటునుంచి కాసేపు చప్పుడు లేదు. లైన్ కట్టయిందనుకున్నాను. తరవాత అమ్మ ఫోన్ తీసుకుని పచ్చళ్ల సంగతి మొదలుపెట్టింది. ఆర్ అండ్ బిలో ముప్ఫై ఏళ్లు తారు పోయించిన మనిషితో ఆ మాట అంత తేలిగ్గా అనకూడదనిపించింది. అందుకే ఈ ఉత్తరం.

మేముండే చోట ఎటు చూసినా డేటా సెంటర్లే. పెద్ద గోడౌన్లలా ఉంటాయి, రాత్రింబగళ్లు హోరు. మా అపార్ట్‌మెంట్లో సగం మంది తెలుగువాళ్లు. పొద్దున లిఫ్టులో దోసెపిండి గురించి మాట్లాడుకుంటాం. అక్కణ్ణుంచి పడమటికి ఓ అరగంట పోతే, ఇదే లౌడన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), తారు ఆగిపోయి కంకర మొదలవుతుంది. అలాంటి రోడ్లు ఈ ఒక్క కౌంటీలోనే 250 మైళ్లకు పైబడి ఉన్నాయి. 1932లో వచ్చిన చట్టంతో ఊళ్ల రోడ్లు కూడా రాష్ట్రప్రభుత్వం చేతికి వెళ్లాయి కాబట్టి, వీటికి కంకర తోలేదీ, గ్రేడరు తిప్పేదీ మీలాంటి డిపార్ట్‌మెంటు వాళ్లే.

వీటిలో ఒక దారినీ, దాని పక్కనున్న ఇళ్లనూ పొలాలనూ కలిపి "హిస్టారిక్ డిస్ట్రిక్ట్"గా గుర్తించొచ్చా అని చూడ్డం మా పని. డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా కాదు, కలెక్టరూ ఉండడు. ఒక తీరుగా మిగిలిన పాత ప్రాంతం, అంతే. పాతవాటిని కాపాడుకోడానికి వచ్చిన 1966 చట్టం కింద దేశం మొత్తానికి ఒక జాబితా ఉంది. మా పక్కనున్న బీవర్‌డ్యామ్ క్రీక్ దారులు ఇప్పటికే అందులో చేరాయి.

పని ఎలా ఉంటుందంటే, రోడ్డు మీదే నడవాలి, పిలవకుండా ఎవరి పొలంలోనూ అడుగుపెట్టకూడదు. ఇల్లు, గొడ్లకొట్టం, వంతెన, గోడ, ప్రతిదానికీ ఒక ఫారం. ఎప్పటిది, ఎంత మారింది, చుట్టుపక్కల ఇంకా అలాగే ఉందా అని రాసుకోవాలి. మామూలుగా 50 ఏళ్లు నిండనిది లెక్కలోకి రాదు. పాతదైనా గుర్తుపట్టలేనంత మారిపోతే అదీ రాదు. ఇంటికొచ్చాక సాక్సుల్లో పిడుదులు ఏరుకోవాలి. ఇక్కడి పిడుదు కుడితే జ్వరాలు, కీళ్లనొప్పులు, పెద్ద టెన్షన్.

మీకు చూపించాలనిపించింది మాత్రం రాతిగోడలు. మన లంకల్లో రాయి అంటే లారీలో దిగాల్సిందే కదా, ఇక్కడ నాగలి వేస్తే రాయే పైకొస్తుంది. ఏరిన రాళ్లను పొలం గట్టున పేర్చుకుంటూ పోయారు, సున్నం లేదు, సిమెంటు లేదు. నడుమెత్తు గోడ. అడుగున పెద్దవి, మధ్యలో చిన్నవి, పైన ఒక వరస నిలువుగా, అల్మారాలో పుస్తకాలు పెట్టినట్టు. దారేమో చక్రాలు తిరిగి తిరిగి పొలం కన్నా మూడడుగులు కిందికి దిగిపోయింది. మీరైతే ముందు క్యాంబర్, అదే నీళ్లు పక్కకి జారేలా రోడ్డు నడుమ ఉంచే ఉబ్బు, చూసి, "నీళ్లు ఎటు పోతాయి?" అని అడుగుతారు. నేనూ అదే అడిగాను. పక్క కాలువ ఆకులతో పూడి ఉంది, వానొస్తే రోడ్డే కాలువ.

మొదటి వారమే తప్పు చేశాను. ఒక గోడకి పందొమ్మిదో శతాబ్దమని రాసేశాను. మా సర్వే నడిపించే పెద్దావిడ వచ్చి రాళ్ల సందులో వేలు పెట్టి చూపించింది, లోపల సిమెంటు. ఎవరో ఈమధ్యే పడగొట్టి కట్టి, పైకి మాత్రం పాతదానిలా వదిలారు. ఆ రోజు రాసిన ఫారాలన్నీ పట్టుకుని మళ్లీ మొదటి గోడ దగ్గరికి నడిచాను. అప్పట్నుంచి నేనూ ముందు వేలు పెట్టే చూస్తున్నాను.

దారి వయసు మాత్రం వేలు పెడితే తెలీదు. దానికి లీస్‌బర్గ్ కోర్టుకి వెళ్లాలి. 1757లో కౌంటీ ఏర్పడ్డప్పటి నుంచీ కాగితాలు అక్కడున్నాయి. ఆ రోజుల్లో ఒక్కో రోడ్డు ముక్కకీ కోర్టే ఒక పెద్దను పెట్టేది. చుట్టుపక్కల పన్ను లెక్కలో ఉన్న మగవాళ్లంతా వచ్చి రోడ్డు పని చెయ్యాలి. యజమానులు తమ బానిసల్ని పంపేవాళ్లు. కోర్టు ఆర్డర్లలో ఆ పెద్దమనిషి పేరు ఉంటుంది, పార పట్టినవాళ్ల పేర్లు చాలాచోట్ల కనబడవు. మీ గ్యాంగు మేస్త్రీ, మస్టర్ రోలూ గుర్తొచ్చాయి. మీరు కనీసం పేర్లు రాసేవారు. మా దారికి కాస్త ఎగువన, అంతర్యుద్ధం తరవాత నల్లజాతివాళ్లు సొంతంగా నేల కొనుక్కుని నిలబెట్టుకున్న విల్లిస్‌విల్ అనే చిన్న ఊరుంది. జాబితాలో జమీందారీ ఇళ్లతో పాటు అలాంటి ఊళ్లూ ఉండటమే ఈ పనిలో నాకు నచ్చింది.

దారిలో ఒక రైతు ట్రాక్టర్ ఆపి, "దీన్ని లిస్టులో పెడితే నా కొట్టానికి రేకులు మార్చుకోనివ్వరా?" అని అడిగాడు. మార్చుకోవచ్చని చెప్పాను. ఈ జాబితాలో చేరినంత మాత్రాన సొంతదారుడి చేతులు కట్టెయ్యరు. సొంతదారుల్లో సగం మందికి పైగా కాదంటే అసలు చేర్చరు కూడా. కేంద్రం డబ్బుతోనో అనుమతితోనో ఏదైనా కట్టేటప్పుడు మాత్రం, ముందు ఈ పాతవాటి సంగతి ఆలోచించాలి. అంతకుమించి కాపలా లేదు. రేపు ఇక్కడ తారు వేస్తామంటే ఈ కాగితం ఒక్కటే ఆపలేదు.

మీరు నోరు విప్పి అనని మాట నాకు తెలుసు. వానాకాలం పురుటినొప్పులొచ్చిన మనిషిని నులకమంచం మీద మోసుకొచ్చిన దారి మీరు చూశారు. కంకర రోడ్డు అందంగా కనబడాలంటే ఇంట్లో ఫోర్ వీల్ డ్రైవ్ కారుండాలి. ఇక్కడ చాలామందికి కారూ ఉంది, గుర్రమూ ఉంది. వాళ్లలోనూ దుమ్ముతో విసిగి తారు కావాలనేవాళ్లున్నారు. వాళ్ల మీద నాకు కోపం రాదు, నేను మీ కూతుర్ని.

అయితే హిబ్స్ బ్రిడ్జి చూసినప్పుడు మాత్రం మీరు పక్కనుంటే బాగుండేదనిపించింది. 1829 ప్రాంతంలో కట్టిన రాతి వంతెన, రెండే కమానులు, ఇప్పటికీ దాని మీద కార్లు పోతున్నాయి. దాన్ని తీసేసి కొత్తది కట్టాలనుకుంటే చుట్టుపక్కల వాళ్లు పట్టుబట్టి నిలబెట్టుకున్నారు. గోదారి పాయ మీంచి కాలవని దాటించే మన గన్నవరం అక్విడక్టుకి 49 కమానులు కదా, చిన్నప్పుడు నన్ను స్కూటర్ మీద తీసుకెళ్లి లెక్కపెట్టించారు. నేను 47 దగ్గర ఆగిపోతే మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టమన్నారు.

ఒక పని చెప్తాను, చెయ్యండి. మన కాలవ గట్టు మీద పాత తూముకి పిట్టగోడ మీద ఏదో అంకె చెక్కి ఉండేది, దాని మీదే మేం కూర్చునేవాళ్లం. అది ఇంకా ఉందో, రోడ్డు వెడల్పులో పోయిందో చూడండి. ఉంటే ఫోటో తీసి పంపండి, పక్కన మీ టేపు పెట్టి. నీరెండలో, పక్కనుంచి తియ్యండి, అక్షరాలు తేలతాయి. ఎదురెండలో వద్దు. అక్కడ మెట్టు జారుడుగా ఉంటుంది, చెప్పులు విప్పి దిగండి.

మీ
చిన్నమ్మాయి