నాని నిద్ర సంగతి, ఇంకా ఇంటి కబుర్లు

సత్యనారాయణపురం,
విజయవాడ.

చి. సౌ. పద్మకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. కార్తీకం మొదలైన దగ్గర్నుంచి మీ అమ్మ తెల్లవారకుండానే కృష్ణ స్నానానికి వెళ్తానని పట్టుబడుతోంది. మోకాళ్ల సంగతి గుర్తు చేస్తే "దుర్గమ్మ చూసుకుంటుంది" అంటుంది. చూసుకుంటుంది సరే, ఘాటు మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకోవలసింది నేనే కదా. కింది వాటా వాళ్లు ఖాళీ చేశారు. శీను మళ్లీ బండి మార్చాడు, వాడికిదో జబ్బు.

దసరా తర్వాత నువ్వు వీడియో కాల్ చెయ్యలేదు. మేం చేస్తే "మీటింగ్‌లో ఉన్నా నాన్నా" అంటావు. తప్పు పట్టడం లేదు, ఊరికే చెబుతున్నాను.

మొన్న మీ చిన్న వదిన వచ్చింది. మీ నానికి మీరు పాలు, గోధుమలు మాన్పించారట, అలా చేస్తే మాటలు త్వరగా వస్తాయని ఎవరో చెప్పారట. స్పీచ్ థెరపీకి తీసుకెళ్తున్నారని కూడా తనే చెప్పింది. థెరపీ మంచి పనే. మాకు తెలిస్తే ఏమన్నా అంటామా అమ్మా? మీ అమ్మ నాలుగు కన్నీళ్లు పెట్టుకుంటుంది, ఆ తర్వాత పదార్థాల జాబితా రాస్తుంది. అంతే కదా.

సరే, అది వదిలెయ్. దసరాకి మేం మీ ఇంటికి వచ్చినప్పుడు చూశాను, రాత్రి పదకొండున్నరకి కూడా నాని కళ్లు పెద్దవి చేసుకుని ఫోన్ చూస్తున్నాడు. అల్లుడుగారు ఇంటికి చేరేదే పదింటికి, బిడ్డతో ఆడుకోవాలని ఆయనకి మాత్రం ఉండదా? కానీ పొద్దున ఏడున్నరకి బడి బస్సు. నాలుగేళ్ల పిల్లాడికి పగటి కునుకుతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. కూర్చుని తెర చూడటం గంట దాటకూడదని కూడా చెప్పింది. పగలు విన్న కొత్త మాట మనసులో బాగా కుదురుకునేది నిద్రలోనే. నిద్ర చాలని పిల్లాడి దగ్గర థెరపీ ఆవిడ ఎంతసేపు కూర్చుంటే ఏం లాభం?

క్లాసు పీకుతున్నాననుకోకు. మీ రాజ్యం పిన్ని కొడుకు గోపి చిన్నప్పటి సంగతి నీకు పూర్తిగా తెలియదు. అప్పుడు వాళ్లూ మేమూ పక్కపక్క రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. బాబాయి రైలు గార్డు, వేళాపాళా లేని డ్యూటీ. డ్యూటీకి పిలిచే రైల్వే మనిషి, కాల్ బాయ్, అర్ధరాత్రి వచ్చి తలుపు బాదేవాడు. ఇల్లంతా లేచేది, లైట్లు వెలిగేవి, పిన్ని స్టవ్ ముట్టించి క్యారేజీ కట్టేది. గోపీ కూడా లేచి ఆ వేళప్పుడు పెరుగన్నం తినేవాడు. ఇక తెల్లవారుజాము దాకా వాడికి ఆటే. సాయంత్రం అందరి పిల్లలూ ఆడుకునే వేళకి గుర్రుపెట్టి నిద్ర. ఐదేళ్లొచ్చినా మన చెయ్యి పట్టుకుని లాగి చూపించడమే తప్ప రెండు మాటలు కలిపి అనేవాడు కాదు. మొండివాడన్నారు, బాబాయి గారాబం అన్నారు. మీ నాయనమ్మ వస కొమ్ము సాన మీద అరగదీసి నాలిక్కి రాసింది. భళ్లున కక్కాడు. (మీకెవరైనా వస చెబితే ఒప్పుకోకు. పిల్లల ఒంటికి పడని గుణాలున్నాయి దాంట్లో.)

చివరికి పిన్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆ డాక్టరమ్మ ముందు చెవులు చూసింది, వినికిడి పరీక్ష రాసింది. నోరు తెరుచుకుని పడుకుంటాడా, గురక పెడతాడా అని అడిగింది. తర్వాత, "వీడు ఎన్నింటికి నిద్రపోతాడు, ఎన్నింటికి తింటాడు?" అంది. పిన్ని దగ్గర జవాబు లేదు. బాబాయి గార్డు డైరీలో నిమిషంతో సహా రాసేవాడు కానీ ఇంట్లో పిల్లాడి టైము ఎవరూ రాయలేదు. పిన్ని గట్టిది. ఆ రోజు నుంచి క్యారేజీ సాయంత్రమే సర్దిపెట్టేది. కాల్ బాయ్‌తో తలుపు కొట్టొద్దని, ముందు గది కిటికీ దగ్గర మెల్లగా పిలవమని చెప్పింది. గోపి మంచం వెనక గదికి మార్చింది. ఏడింటికి స్నానం, అన్నం, రెండు పాటలు, లైటు ఆర్పడం. కొన్నాళ్లకి, పాట మొదలవగానే వాడే వెళ్లి దుప్పటి తెచ్చుకునేవాడు. "పడుకో" అంటే అర్థం కాని పిల్లాడికి ఒకదాని తర్వాత ఒకటి వచ్చే వరస అర్థమైంది.

నిద్రతోనే మాటలొచ్చాయని నేననను. వాడికి మాటలు నేర్పిన ఆవిడ వేరే ఉంది, ఏళ్లు పట్టింది. ఇప్పటికీ కంగారులో మాట కోసం వెతుక్కుంటాడు. తెనాలిలో మెకానిక్ షెడ్డు మాత్రం బ్రహ్మాండంగా నడుపుతున్నాడు.

ఇక పాల సంగతి. పాలు, గోధుమలు మానేస్తే మాటలొస్తాయనడానికి గట్టి ఆధారం లేదని మన వీధి పిల్లల డాక్టరు గారు చెప్పారు. పడని పిల్లలుంటారు, అది పరీక్షలో తేలాలి. అలాగని లీటర్ల కొద్దీ పాలు తాగించినా ఆకలి చస్తుంది, ఒంట్లో ఇనుము తగ్గుతుంది. రోజుకి అర లీటరు దాటొద్దు. నిద్రలో నాని కాళ్లు తెగ కొట్టుకుంటున్నాడని అమ్మ అంది. ఇనుము తక్కువైనా అలా జరుగుతుందట, రక్త పరీక్ష అడుగు. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండు. వాడి నోటికి టీ చుక్క కూడా తగలనివ్వకు.

ఆకలనీ, కడుపు నొప్పనీ చెప్పలేని పిల్లాడు కంచం తోసేస్తాడు, మనం పెంకి అంటాం. ఫోన్‌లో బొమ్మలు పెట్టి ముద్దలు కుక్కితే ఏం తిన్నాడో వాడికే తెలియదు. ఇడ్లీ ఒక చేత్తో, దోసె ఒక చేత్తో చూపించి "ఇడ్లీయా, దోసెయా?" అని అడిగి ఆగు. వేలు పెట్టి చూపించినా చాలు, "ఇడ్లీ కావాలా, ఇదిగో ఇడ్లీ" అను. తెలుగులోనే అను. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని బడివాళ్లు అన్నారని వదిన చెప్పింది. రెండు భాషలు విన్నంత మాత్రాన మాటలు ఆలస్యం కావు, నీ నోటికి తేలిగ్గా వచ్చే భాషలోనే వాడితో ఎక్కువ మాట్లాడగలవు.

వదిన చెప్పినదంతా నిజమో కాదో నువ్వే చెప్పు. ఆవిడ ద్వారా తెలియడం నాకు బాగాలేదు.

వచ్చే వారం ప్రసాద్ కొండవీడు ఎక్స్‌ప్రెస్‌లో యశ్వంత్‌పూర్ వస్తున్నాడు. రాగి పిండి, నువ్వులుండలు, నీకు గోంగూర పచ్చడి పంపుతున్నాను. పచ్చడి నానికి పెట్టకు, మీ అమ్మ కారం ఎక్కువేసింది. స్టేషన్‌కి అల్లుడుగారిని పంపు, నువ్వు ఆ ట్రాఫిక్‌లో వెళ్లకు. ఆదివారం పొద్దున నాని టిఫిన్ అయ్యాక నేనే వీడియో కాల్ చేస్తాను, ఎత్తు. వినికిడి పరీక్ష అయి ఉంటే ఆ రిపోర్టు వాట్సాప్‌లో పెట్టు. కాకపోతే ఈ వారమే చేయించు, డబ్బులు నేను వేస్తాను.

మీ నాన్న