మామా, ఆండోర్ మళ్లీ మొదలుపెట్టు

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావ్? పిల్లాడికి జ్వరం తగ్గిందా? మొన్న ఫోన్లో ఆండోర్ అనే స్టార్ వార్స్ సిరీస్ మాట వస్తే, రెండు ఎపిసోడ్లు చూసి ఎప్పుడో వదిలేశానన్నావ్. అప్పుడు ఏమీ అనలేదు గానీ, ఆ రోజు నుంచి మనసు ఊరుకోవడం లేదు. రెండు సీజన్లూ, 24 ఎపిసోడ్లూ చూసేశాను. నీకు చెప్పకపోతే నిద్రపట్టేలా లేదు.

నువ్వు వదిలేయడంలో తప్పేం లేదు. మొదటి మూడు ఎపిసోడ్లూ నత్తనడకే. మధ్యమధ్యలో హీరో కాసియన్ చిన్నతనం, ఆ అడవి, ఆ పిల్లలు. వాళ్ల భాష మనకి అర్థం కాదు, సబ్‌టైటిల్స్ కూడా వేయలేదు. పైగా చెల్లెల్ని వెతుక్కుంటూ మొదలైన కథ, చివరిదాకా ఆ పిల్ల ఏమైందో చెప్పదు. అది నాకు ఇప్పటికీ వెలితే.

కానీ ఆ మూడూ దాటి చూడరా. స్టార్ వార్స్ అంటే మనకి అద్భుత శక్తులున్న జెడై వీరులు, వాళ్ల వెలుగు కత్తులు లైట్‌సేబర్లు కదా, ఇందులో ఒక్కటీ కనబడదు. ఉన్నదల్లా పనికెళ్లి ఇంటికొచ్చే జనం. ఫెరిక్స్ అనే గ్రహం మీద ఒక ఊళ్లో గోడ నిండా పనివాళ్ల చేతి తొడుగులు వేలాడుతుంటాయి, ఎవరివి వాళ్లవే. గంట బదులు ఒకాయన గోపురమెక్కి దాగలి మీద సుత్తులతో కొడతాడు. ఆ ఊళ్లో ఎవరైనా పోతే బూడిదతో ఇటుక చేసి గోడలో పెడతారు. ఆ సీన్ చూస్తుంటే మా నాయనమ్మ అస్థికలు గోదావరిలో కలిపిన పొద్దు గుర్తొచ్చి కాసేపు ఆపేశాను.

ఇక జైలు. కథ చెప్పేస్తున్నానని తిట్టుకోకు, ఇది చెప్పకుండా ఉండలేను. ఎనిమిదో ఎపిసోడ్ నుంచి పదో దాకా కాసియన్ నార్కినా 5 అనే చోట ఖైదీగా ఉంటాడు. అంతా తెల్లగా, ఆసుపత్రిలా ఉంటుంది. ఖైదీలకి చెప్పులుండవు, ఎందుకంటే నేలలోనే కరెంటు. ఒక్కో పని బల్లకి ఏడుగురు, పనిలో ఆఖరున మిగిలిన బల్లకి షాక్. తోటివాడు వెనకబడితే సంతోషపడేలా మనుషుల్ని తయారుచేస్తారన్నమాట. వాళ్ల మీద పెద్దగా ఉండేది కీనో అనే ఇంకో ఖైదీ, ఆ వేషం ఆండీ సెర్కిస్ వేశాడు. ఒక్కో అంతస్తులో కాపలావాళ్లు ఎంతమందని కాసియన్ అడుగుతూనే ఉంటాడు, ఇతను నోరు విప్పడు. ఒక చావు చూశాక, ఒక నిజం తెలిశాక, నడుస్తూ నడుస్తూ మెల్లగా జవాబిస్తాడు, పన్నెండుకి మించి ఉండరని. అంతే. కాల్పుల్లేవు, మ్యూజిక్ హోరు లేదు. నాకు ఒళ్లు జలదరించింది.

2025లో వచ్చిన రెండో సీజన్ మీద మాత్రం నాకు కొంచెం కోపముంది. సిరీస్ తీసిన టోనీ గిల్‌రాయ్ వాళ్లు మొదట 5 సీజన్లు అనుకున్నారట. అది కుదరక, ఆ తర్వాతి కథ చెప్పే రోగ్ వన్ సినిమా దాకా ఉన్న నాలుగేళ్లనీ ఒక్క సీజన్‌లో సర్దేశారు. మూడు ఎపిసోడ్లకి ఒక ఏడాది. మనం ఇష్టపడ్డ మనిషి ఒక ఎపిసోడ్‌లో కుప్పకూలి ఉంటుంది, తర్వాత చూసేసరికి ఏడాది గడిచిపోయి ఉంటుంది. ఆ ఏడాదే కదరా నేను చూడాలనుకున్నది! ఇంకొకామె, పేరు చెప్పను, తిరిగొచ్చిందో లేదో చచ్చిపోతుంది. ఏడవడానికి కూడా టైమివ్వలేదు. మొదట్లో కాసియన్ అడవిలో ఇరుక్కుని, సామ్రాజ్యం మీద తిరగబడి, తమలో తాము కొట్టుకునే తిరుగుబాటుదారుల మధ్య పడుండే భాగం సగానికి సగం కోసేయొచ్చు.

అయినా అదే మూడు ఎపిసోడ్లలో, తిరుగుబాటుకి రహస్యంగా సాయం చేసే సెనేటర్ మాన్ మోత్మా కూతురి పెళ్లి ఉంది. చిన్ననాటి స్నేహితుణ్ణి చంపడానికి తీసుకెళ్తున్నారని తెలిసీ, ఏమీ చేయలేక, అందరి మధ్యా ఆమె పిచ్చిగా డాన్స్ చేస్తుంది. ఆ వేషం వేసిన జెనెవీవ్ ఒరైలీ మొహం చూడు. ఈ సీజన్ ఎనిమిదో ఎపిసోడ్‌లో ఘోర్మన్ అనే గ్రహం మీది కూడలి సంగతి నేను రాయను. అది చూసే రోజు ఇంకే పనీ పెట్టుకోకు.

ఈ శనివారం నాలుగో ఎపిసోడ్ నుంచి మొదలుపెట్టు. జైలు దాకా వచ్చాక, ఎంత రాత్రయినా సరే, ఫోన్ చెయ్.

నీ మామ