మోకాలు పోయిన పిల్లగానికి ఎవరు పూచీ? క్రీడా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నల్లగొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, పాలమూరు మైదానాల్లో పైసలకు ఫుట్‌బాల్ ఆడే పిల్లల తరఫున రాస్తున్నాం. సోమవారం సోమవారం ఇచ్చిన అర్జీలకు రసీదులు ఉన్నాయి, జవాబులు లేవు. ఒక ఆఫీసుకు పోతే "ఇది ఆటల సంగతి కాదు, కార్మికుల సంగతి" అంటారు. ఇంకో ఆఫీసుకు పోతే "ఆటగాళ్ళు కార్మికులెట్లయితరు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు మీరే జవాబు చెప్పాలి.

2025 డిసెంబరు 13న మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వస్తే మేమూ సంబరపడ్డాం. మెస్సీ పేరు తెలిసిన మన పిల్లలకు బిల్లీ మెరెడిత్ పేరు తెలియదు. వేల్స్‌లోని చర్క్ అనే బొగ్గుగని ఊరివాడు. 12 ఏళ్ళకే గనిలోకి దిగి బొగ్గు బండ్లు లాగే పొట్టి గుర్రాలను తోలాడు. 1894లో మాంచెస్టర్ సిటీలో చేరాక కూడా కొంతకాలం గని పని వదల్లేదు. 1904లో ఇంగ్లండ్ పెద్ద ఫుట్‌బాల్ పోటీ ఎఫ్.ఏ. కప్ ఫైనల్‌లో గెలుపు గోల్ అతనిదే. అంతటి ఆటగానికి కూడా వారానికి 4 పౌండ్లు మించి ఇవ్వొద్దని 1901 నుంచి నిబంధన ఉండేది. 1907లో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు థామస్ బ్లాక్‌స్టాక్ రిజర్వ్ మ్యాచ్‌లో బంతిని తలతో కొట్టి కుప్పకూలి చనిపోయాడు. ఇంటివాళ్ళకు పరిహారం ఏమీ దక్కలేదు. అదే ఏడాది డిసెంబరు 2న మాంచెస్టర్‌లోని ఇంపీరియల్ హోటల్‌లో ఆటగాళ్ళు కూడి సంఘం పెట్టుకున్నారు. ఆ సమావేశానికి అధ్యక్షత వహించింది మెరెడిత్.

1909లో, సంఘం వదలకపోతే ఆట లేదని ఫుట్‌బాల్ నడిపే పెద్దలు హుకుం జారీ చేశారు. మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్ళు వదలలేదు. సస్పెండ్ అయ్యారు, "మేం వెలివాళ్ళం" అని చెప్పుకొని సొంతంగా సాధన చేసుకున్నారు. 1910 నాటికి ఇంగ్లండ్ కోర్టు, జీతానికి ఆడే ఫుట్‌బాల్ ఆటగాడు చట్టం దృష్టిలో పనివాడేనని, గాయానికి పరిహారం అడిగే హక్కు అతనికుందని తేల్చింది. జీతం మీద పరిమితి మాత్రం 1961లో, జిమ్మీ హిల్ సంఘానికి అధ్యక్షుడుగా ఉన్నప్పుడు గానీ పోలేదు. మెరెడిత్ 1958లోనే కన్నుమూశాడు, ఆ విజయం చూడలేదు. 2001 దాకా అతని సమాధికి రాయి కూడా లేదు. మన దేశంలో 2006లో పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడు భైచుంగ్ భూటియా అధ్యక్షుడుగా ఆటగాళ్ళ సంఘం మొదలైంది గానీ దాని నీడ మా జిల్లా మైదానాల దాకా రాలేదు.

ఇంగ్లండ్ 1910 నాటికే ఒప్పుకున్న మాటను 115 ఏళ్ళు దాటినా మా దగ్గర ఒప్పుకునే నాథుడు లేడు. అందుకే ఇంత చెప్పాల్సి వచ్చింది.

ఇక్కడ పని జరిగే తీరు చూడండి. టోర్నమెంటు పెట్టేవాళ్ళు మధ్యవర్తికి ఫోన్ చేస్తారు, అతను నలుగురైదుగురిని పట్టుకొస్తాడు. మాట నోటితోనే. మ్యాచ్‌కు ఇంత, సెమీస్‌కు పోతే ఇంకొంత అంటారు. పాలమూరు లేబర్‌ను తీసుకుపోయే మేస్త్రీ ముందుగా అడ్వాన్స్ అన్నా చేతిలో పెడతాడు. 2025 నవంబరు దాకా ఉన్న 1979 వలస కార్మికుల చట్టం ఆ మేస్త్రీకి లైసెన్సు, రిజిస్టరు ఉండాలన్నది. అమలు ఎట్లున్నా కాగితం మీద ఆ కూలీకి ఒక పేరుంది. ఆటగానికి అదీ లేదు. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిబంధనల ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉండి, ఖర్చులకు మించి డబ్బు తీసుకునేవాడే ప్రొఫెషనల్. ఒప్పందం లేకపోతే ఎంత ఇచ్చినా అమెచ్యూరే, అంటే సరదాకు ఆడేవాని కిందే లెక్క. కాగితం ఎందుకు రాయరో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. రెండు నెలల జీతం ఆగితే 15 రోజుల నోటీసు ఇచ్చి ఆటగాడు బయటికి రావొచ్చని అదే నిబంధనల్లో ఉంది. నోటిమాట మీద ఆడేవాడు ఎవరికి నోటీసు ఇవ్వాలి, ఏ కాగితం చూపాలి?

అసలు గోస మోకాలిది. మన నేల ఎండాకాలంలో మొరం పరిచిన రోడ్డు లెక్క గట్టిపడుతుంది, నల్లరేగడి అయితే నెర్రెలిస్తుంది. ముందురోజు సాయంత్రం నీళ్ళు కొట్టి, రాళ్ళు ఏరి, రోలర్ తిప్పితే సగం ప్రమాదం తప్పుతుంది. ట్యాంకర్ ఖర్చు దండగని ఆ పని చేయరు. గట్టినేల మీద, అడుగున ముళ్ళ లాంటి స్టడ్లు చిన్నచిన్నవి ఎక్కువగా ఉన్న బూట్లు వేయాలి. పిల్లలకు దొరికేది బురదకు పనికొచ్చే పొడుగు స్టడ్ల పాత బూట్లు. స్టడ్ నెర్రెలో ఇరుక్కుంటుంది, పాదం అక్కడే ఆగుతుంది, ఒళ్ళు తిరుగుతుంది. లోపల 'టప్'మని చప్పుడొస్తుంది. అది మోకాలి ఎముకలను పట్టి ఉంచే ఏ.సీ.ఎల్. అనే లిగమెంటు తెగిన చప్పుడు.

తర్వాత జరిగే తప్పులు ఇంకా ఘోరం. గంటల్లోనే మోకాలు కుండలా ఉబ్బితే లోపల రక్తం చేరినట్టు. కదలకుండా కట్టి, ఐసు పెట్టి ఆసుపత్రికి తీసుకుపోవాలి. మా దగ్గర నాటు వైద్యుని వద్ద లాగిస్తారు. లేదా ఎక్స్‌రే తీసి "బొక్క విరగలేదు, ఏం కాలేదు" అని పంపుతారు. ఎక్స్‌రేలో లిగమెంటు కనపడదు, ఎం.ఆర్.ఐ. కావాలి. వాపు దిగగానే పిల్లగాడు బాగైందనుకొని మళ్ళీ దిగుతాడు. పట్టులేని మోకాలు జారుతుంది, ఈసారి ఎముకల మధ్య మెత్తటి దిండు లాంటి మెనిస్కస్ కూడా చిరుగుతుంది. 20 ఏళ్ళకే అరిగిన మోకాలు మిగులుతుంది.

ఆపరేషన్ అయినా కథ అక్కడితో అయిపోదు. మొదటి రెండు వారాలు కాలు పూర్తిగా చాపడం, వాపు దించడం, తొడ కండరాన్ని మేల్కొల్పడం. మూడు నాలుగు నెలలకు మెల్లగా పరుగు. తొమ్మిది నెలలు నిండి, రెండో కాలితో పోలిస్తే 90 శాతం బలం వచ్చాకే మైదానం. తొందరపడితే మళ్ళీ తెగే ప్రమాదం ఎక్కువ. ఈ తొమ్మిది నెలలు ఫిజియో దగ్గరికి బస్సు చార్జీలు, గుడ్లు, పాలు, ఇంటి కిరాయి ఎవరిస్తారు? ఆ సంపాదనతో నడిచిన ఇల్లు ఎట్లా గడుస్తుంది? ఆడపిల్ల అయితే ఇంట్లోవాళ్ళు ఆట మాన్పించి పెళ్ళి మాట ఎత్తుతారు.

ఒకప్పుడు ఇట్లా లేదు. కోచ్ రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే 1962లో జకార్తాలో దేశానికి ఆసియా క్రీడల స్వర్ణం వచ్చింది. ఆ పోలీస్ జట్టు ఆటగాళ్ళకు పోలీసు ఉద్యోగం ఉండేది, కాలు బెణికినా నెల జీతం ఆగేది కాదు. ఇప్పుడు 2 శాతం స్పోర్ట్స్ కోటా ఉందంటారు. దానికి ఫారాలు కావాలి, జాతీయ, విశ్వవిద్యాలయ, స్కూల్ గేమ్స్ స్థాయి పత్రాలు కావాలి. ఊరూరా పైసలకు ఆడినవాని దగ్గర ఉండేది ఒక కప్పు, ఒక ఫోటో.

అయ్యా, మీరు పాలమూరు గడ్డ మీద పుట్టినవారు, ఈ నేల గట్టిదనం మీకు తెలుసు. సర్కారు మైదానం ఇచ్చేటప్పుడు ప్రతి ఆటగానితో ఒక పేజీ ఒప్పందం, ప్రతి ఆటగానికి ప్రమాద బీమా చూపించనిదే అనుమతి ఇవ్వొద్దని ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. ఈ.ఎస్.ఐ. అనే కార్మిక బీమాలో నెలకు 21,000 దాకా జీతమున్న వాళ్ళకు యజమాని 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం కడితే చికిత్సతో పాటు పని లేని రోజులకూ భృతి వస్తుంది. పైసలకు ఆడేవానికీ అట్లాంటి దారి ఒకటి చూపండి. జిల్లా స్టేడియంలో వారానికి రెండు రోజులన్నా ఫిజియో కూర్చోవాలి. ఆటల గురించి నిర్ణయాలు తీసుకునే చోట ఆడేవాడు ఒకడు ఉండాలి. ఆడేవాడే, మాజీ అధికారి కాదు.

అన్నింటికంటే ముందు, మేం కార్మికులమా కాదా చెప్పండి. కాదంటే ఎందుకు కాదో రాతపూర్వకంగా ఇవ్వండి.

ఈ లేఖ కింద పేర్లు పెట్టలేదు. పెడితే వచ్చే ఆదివారం ఆ పిల్లలను మ్యాచ్‌కు పిలవరు, 1909లో జరిగిందే ఇక్కడా జరుగుతుంది. మీరు పిలిస్తే మాత్రం వస్తారు, కర్ర ఊతంతో నడిచేవాళ్ళు కూడా వస్తారు. తారీఖు చెప్పండి.

ఇట్లు,
ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఫుట్‌బాల్ ఆటగాళ్ళ పక్షాన