కాప్రి వెళ్ళేవాళ్లు ముందు తిరుగు పడవ చూసుకోవాలి

సంపాదకులకు,

అయ్యా,

ఎండాకాలం వచ్చిందంటే అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి ఐరోపాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు ఈమధ్య బాగా పెరిగారు. వాళ్ల మధ్య వాట్సాప్‌లో తిరిగే ప్రయాణ పట్టికల్లో ‘రోమ్ నుంచి ఒక్కరోజులో పాంపేయి, కాప్రి’ అన్న వరుస తప్పకుండా ఉంటోంది. పాంపేయి ఇటలీలో నేపుల్స్ దగ్గరి పాత రోమన్ శిథిల నగరం, కాప్రి అక్కడి సముద్రంలో ద్వీపం. మ్యాపులో చూస్తే రెండూ పక్కపక్కనే. తీరా వెళ్తే రెండూ సగం సగమే చూసి, రాత్రి నేపుల్స్ స్టేషన్లో కాళ్లు నొక్కుకుంటూ కూర్చోవాలి. కాప్రి ఒక్కదానికే రోజంతా కేటాయించినా లెక్క చూసుకోకపోతే క్యూల్లోనే పొద్దు గడిచిపోతుంది. ఈ ప్రయాణాల కాయితాలు, టికెట్లు చూసే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఆ లెక్క రాస్తున్నాం.

రోమ్ టెర్మినీ స్టేషన్ నుంచి నేపుల్స్ సెంట్రల్‌కి ఫ్రెచ్చరోస్సా, ఇటాలో లాంటి వేగం రైళ్లలో గంటా పది నిమిషాలు. చవకైన రీజనల్ రైలు ఎక్కితే రెండున్నర నుంచి మూడు గంటలు. నేపుల్స్ స్టేషన్ కిందే గరిబాల్ది మెట్రో ఉంది. ఒకటో నంబరు లైనులో మునిచీపియో స్టేషన్లో దిగితే మోలో బెవెరెల్లో రేవు నడిచిపోయే దూరమే. ప్లాట్‌ఫారాలు బాగా లోతున ఉంటాయి కాబట్టి ఎస్కలేటర్లు, టికెట్టు, నడక అన్నీ కలిపి అరగంట పైనే వేసుకోవాలి. అక్కడి నుంచి వేగం పడవలో సుమారు 50 నిమిషాలు. ఏడింటికి రోమ్‌లో రైలెక్కినవాళ్లు, ఎక్కడా ఆలస్యం లేకపోతే, పదింటికి కాప్రిలో దిగుతారు. ఆ తీరంలోనే ఉన్న సొరెంటో, పొజితానో, అమాల్ఫీ ఊళ్ల నుంచి పడవల్లో వచ్చేవాళ్లు, నేపుల్స్‌లో ఆగిన క్రూయిజ్ ఓడల వాళ్లు కూడా ఆ వేళకే దిగుతారు. అందరికీ ఉన్నది మరీనా గ్రాందే అనే ఒక్క రేవే. ద్వీపం మొత్తం 10 చదరపు కిలోమీటర్లు. కాప్రి, అనకాప్రి రెండు ఊళ్ల జనాభా కలిపి 13, 14 వేలు. వేసవి రద్దీలో ఒక్కరోజుకు వచ్చిపోయేవాళ్లు 16,000 కూడా దాటుతారు.

అందుకని మొదటి సలహా, ముందు రోజు రాత్రికే నేపుల్స్‌లోనో సొరెంటోలోనో పడుకోండి. సొరెంటో నుంచి పడవలో అరగంట లోపే. పొద్దున్నే తొలి పడవ పట్టుకుంటే జనం కన్నా రెండు గంటలు ముందుంటారు, కాప్రిలో ఆ రెండు గంటలు చాలా విలువైనవి. నేపుల్స్ నుంచి సొరెంటోకి చిర్కుంవెజువియానా అనే లోకల్ రైలు గంటా పది నిమిషాల్లో తీసుకెళ్తుంది. కిక్కిరిసి ఉంటుంది, జేబుదొంగలు ఎక్కువ. పాస్‌పోర్టు, డబ్బు చొక్కా లోపలి సంచిలో పెట్టుకోవాలి, బ్యాగు వీపున కాక ముందుకు తగిలించుకోవాలి.

ఇప్పుడు పడవల సంగతి. నేపుల్స్‌లో కాప్రి పడవలు ఒకే చోట నుంచి బయల్దేరవు. వేగం పడవలు బెవెరెల్లో నుంచి, మన సఖినేటిపల్లి రేవు పంటులా బళ్లు కూడా ఎక్కించుకునే పెద్ద ఫెర్రీలు కలాతా పోర్తా ది మస్సా నుంచి. రెండింటి మధ్య పావుగంట నడక. టికెట్టు మీద రేవు పేరు రాసే ఉంటుంది, కానీ జనం టైము చూస్తారు తప్ప రేవు పేరు చూడరు. అవతలి రేవులో నిలబడి పడవ పోగొట్టుకునేది ఇలాగే. ఒక కంపెనీ టికెట్టు ఇంకో కంపెనీ పడవలో చెల్లదు. వేగం పడవలో ఒకవైపు ఛార్జీ 20 యూరోల పైనే ఉంటుంది, పెద్ద సూట్‌కేసుకు వేరే కట్టాలి. సూట్‌కేసులు హోటల్లోనో, స్టేషన్ లగేజీ గదిలోనో వదిలి రావడం మేలు. అక్కడి దారులన్నీ మెట్లూ ఎత్తులే.

పెద్ద ఫెర్రీ గంటన్నర దాకా తీసుకుంటుంది. అయినా వయసు పైబడినవాళ్లకు మేము దాన్నే చెబుతాం. వేగం పడవలో తలుపులు మూసిన హాల్లో కూర్చోవాలి, అల కొట్టిందంటే వాంతులే. ఫెర్రీలో పైన గాలిలో కూర్చోవచ్చు, కుదుపూ తక్కువ. ప్రయాణం పడనివాళ్లు డాక్టరు చెప్పిన మాత్ర పడవ కదిలాక కాదు, ఎక్కడానికి ముందే వేసుకోవాలి. ఇంకో కారణం కూడా ఉంది. సముద్రం ఎగిరితే ముందు ఆపేసేది వేగం పడవల్నే. పెద్దవి ఆ తర్వాత కూడా కొంతసేపు నడుస్తాయి.

అందరూ పట్టించుకోకుండా వదిలేసేది తిరుగు పడవని. పొద్దున ఒక్కొక్కరూ ఒక్కో వేళకు వచ్చినా, సాయంత్రం నాలుగు నుంచి ఆరు లోపు అందరికీ ఒకేసారి ఇల్లు గుర్తొస్తుంది. సీజన్లో ఆ పడవలు చాలాసార్లు ముందే నిండిపోతాయి. కాబట్టి ముందు తిరుగు టికెట్టు కొని, దాని నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రోజును సర్దుకోవాలి. ఆఖరి పడవ ఎప్పుడూ తీసుకోవద్దు, దానికి ముందుదో, అంతకు ముందుదో చూసుకోండి. ఆఖరిది రద్దయితే రాత్రికి ద్వీపం మీదే గది వెతుక్కోవాలి, సీజన్లో అక్కడి గది అద్దె వింటే కళ్లు తిరుగుతాయి. పడవ రద్దయితే పడవ డబ్బు తిరిగిస్తారు గానీ, మీరు కొన్న చవక రకం వేగం రైలు టికెట్టు మాత్రం పోయినట్టే, ఆ రైలుకు తప్ప ఇంక దేనికీ చెల్లదు. అదే రాత్రి రోమ్ చేరాల్సినవాళ్లు మార్చుకునే వీలున్న టికెట్టే కొనుక్కోవాలి. ఇటలీలో ‘షోపెరో’ అంటే సమ్మె. తరచూ శుక్రవారాలు పెడతారు, తేదీ ముందే ప్రకటిస్తారు. వెళ్ళే వారం ఆ జాబితా ఒకసారి చూసుకోవాలి.

రేవులో దిగాక ఊళ్లోకి వెళ్ళాలంటే కొండ ఎక్కాలి. తాళ్లతో లాగే ఫునికొలారె రైలు మూడు నాలుగు నిమిషాల్లో కాప్రి ఊరి కూడలి పియాజెట్టాలో దింపుతుంది. ఎక్కడం నాలుగు నిమిషాలే గానీ పదకొండింటికి దాని ముందు క్యూ ఒక్కోసారి గంట. టికెట్టు అమ్మే చోటు, రైలెక్కే చోటు వేరువేరు. ముందు టికెట్టు తీసుకోకుండా క్యూలో నిలబడితే తలుపు దాకా వెళ్లి వెనక్కి రావాల్సిందే. తొలి పడవలో వెళ్ళినవాళ్లు ఇక్కడ ఆగకుండా నేరుగా అనకాప్రి బస్సు ఎక్కితే మంచిది. బస్సులు మన షేర్ ఆటోల కన్నా కాస్త పెద్దవి, అంతే. కొండ అంచున మలుపులు తిరుగుతూ వెళ్తాయి. పదింటి తర్వాత రెండు మూడు బస్సులు వదిలేస్తే గానీ చోటు దొరకదు.

అనకాప్రిలో 589 మీటర్ల మోంతే సొలారో శిఖరానికి కుర్చీ లిఫ్టు ఉంది, పైకి పన్నెండు పదమూడు నిమిషాలు. ఒక్కో కుర్చీలో ఒక్కరే. కుర్చీ మీకోసం ఆగదు. నేల మీద గీసిన గుర్తుల్లో నిలబడితే వెనక నుంచి వచ్చి పిక్కలకు తగులుతుంది, వెంటనే కూర్చోవాలి. పనివాడు అడ్డకడ్డీ దించుతాడు. పమిట, చున్నీ ముందే ఒడిలోకి చుట్టుకోవాలి. వదులు చెప్పులు తీసి చేత్తో పట్టుకోవాలి, జారితే కింద ద్రాక్షతోటల్లో పడతాయి. పైన నిలబడితే సముద్రంలోంచి నిలువుగా లేచిన ఫరల్యోని రాళ్లు, నేపుల్స్ అఖాతం, వెసూవియస్ అగ్నిపర్వతం అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. ద్వీపంలో పెట్టిన డబ్బుకు ఫలితం దక్కే చోటు ఏదంటే మేము ఇదే చెబుతాం.

ఇక నీలిగుహ, అంటే లోపలి నీళ్లు నీలంగా మెరిసే సముద్రపు గుహ. దానికోసమే వెళ్ళేవాళ్లు చాలామంది, చూడకుండా తిరిగొచ్చేవాళ్లూ తక్కువేం కాదు. గుహ ద్వీపానికి వాయవ్యంగా ఉంది, నోరు నీటిమట్టం నుంచి మీటరు ఎత్తే. పడమర, వాయవ్యం గాలి వీస్తే అల ఆ నోటిని మూసేస్తుంది, గుహ కూడా మూసేస్తారు. పొద్దున ఎండ కాస్తున్నా ఇలా జరగవచ్చు. రేవులో మోటారు పడవకు డబ్బు కట్టే ముందు గుహ తెరిచారా అని అడగాలి. తెరిచి ఉంటే మోటారు పడవ గుహ దగ్గర ఆగుతుంది, అక్కడి నుంచి నలుగురు పట్టే చిన్న తెడ్డు పడవలోకి మారాలి. వేసవి మధ్యాహ్నం ఈ మార్పు కోసం గంట, గంటన్నర నిలిచిన పడవలో ఊగుతూ ఉండాలి. కడుపులో ఎక్కువగా తిప్పేది అప్పుడే. చిన్న పడవలో బల్ల ఉండదు, తడి అడుగున కూర్చోవాలి. నోటి దగ్గర అందరూ వెల్లకిలా పడుకుంటారు, పడవవాడు రాతికి కొట్టిన గొలుసు పట్టుకుని అల దిగే క్షణం చూసి ఒక్కసారిగా లాగి పడవను లోపలికి తీసుకెళ్తాడు. పట్టుచీర కట్టుకుని వెళ్తే అది అక్కడితో సరి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, నడుం వంగనివాళ్లు పెద్ద పడవ నుంచి చిన్నదానిలోకి దిగడానికే ఇబ్బంది పడతారు, వాళ్లని బలవంతపెట్టకండి.

లోపల ఉండేది ఐదు నిమిషాలు. ప్రవేశం, తెడ్డు పడవ కలిపి సుమారు 18 యూరోలు, రేవు నుంచి మోటారు పడవ వేరు, పడవవాడి టిప్పు ఇంకా వేరు. నోటి కింద నీళ్లలో ఇంకో పెద్ద కన్నం ఉంది. ఎండ దానిగుండా నీళ్లలోంచి లోపలికి వస్తుంది, ఎరుపును నీరు పీల్చేసుకుంటుంది, నీలం మిగులుతుంది. అందుకే పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడు రంగు ఎక్కువ, జనమూ అప్పుడే ఎక్కువ. చవక దారి అనకాప్రి నుంచి గుహ దాకా బస్సులో వెళ్లి మెట్లు దిగి తెడ్డు పడవ ఎక్కడం, మోటారు పడవ ఖర్చు తప్పుతుంది. గుహ మూసేశాం అన్న పడవవాళ్లతో ‘ఇంత దూరం వచ్చాం, పోనివ్వండి’ అని బేరమాడొద్దు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగిపోవడం చూసిన జిల్లాల వాళ్లం, నీటి మీద బతికేవాడు వద్దన్నాక ఇంకో మాట ఉండకూడదు.

గుహ, శిఖరం, కాప్రి ఊరు మూడూ ఒక్కరోజులో ఇరికిస్తే ఏదీ తిన్నగా చూడలేరు. శిఖరానికి అనకాప్రి నడకతో కలిపి రెండున్నర గంటలు, ఊరూ ఆగస్టస్ తోటలూ రెండు గంటలు, గుహకు మూడు గంటలు వేసుకోండి, భోజనం వేరే. మాట వరసకి అంటున్నది కాదు, శిఖరం, ఊరు చాలు. చరిత్ర ఇష్టమైనవాళ్లు పియాజెట్టా నుంచి ముక్కాలు గంట ఎక్కి విల్లా యోవిస్ అనే పాత రాజభవనం శిథిలాలు చూడొచ్చు. తిబేరియస్ చక్రవర్తి క్రీ.శ. 27 నుంచి 37లో చనిపోయే దాకా రోమ్ సామ్రాజ్యాన్ని ఏలింది ఈ ద్వీపం నుంచే. ఎక్కుడుకి భయపడి జనం రారు గనక ప్రశాంతంగా ఉంటుంది. అది ఏ రోజుల్లో తెరుస్తారో ముందే చూసుకోవాలి.

తిండి విషయం క్లుప్తంగా. పియాజెట్టాలో కూర్చుని తాగే కాఫీ ధర వేరు, కౌంటర్ దగ్గర నిలబడి తాగే ధర వేరు. బిల్లులో ‘కొపెర్తో’ అని కనిపిస్తే అది కూర్చున్నందుకు మనిషికింత, మోసం కాదు. శాకాహారులకు టమాటా, మొజరెల్లా, తులసి జాతి ఆకుతో చేసే కాప్రేజే సలాడు, జున్ను పెట్టిన రవియోలి దొరుకుతాయి. ఇంటి నుంచి పులిహోర తీసుకెళ్ళేవాళ్లు స్టీలు డబ్బాలో పెట్టుకోవాలి. వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, స్పూన్లు, గ్లాసులను కాప్రిలో 2019లోనే నిషేధించారు, జరిమానా 500 యూరోల దాకా ఉంది. పడవలు, బస్సు, కుర్చీ లిఫ్టు, భోజనం అన్నీ కలిపి గుహ లేకుండా మనిషికి 90, 100 యూరోలు, గుహతో ఇంకో 40. యూరో వంద రూపాయలు దాటి ఉంది కాబట్టి నలుగురి కుటుంబానికి ఎంతవుతుందో లెక్కేసుకోవచ్చు.

జనం ఎక్కువైతే ఆ ద్వీపం కూడా తట్టుకోలేదని 2024 జూన్‌లో అందరూ చూశారు. అక్కడికి మంచినీళ్లు ప్రధాన భూభాగం నుంచి గొట్టంలో రావాలి. ఆ గొట్టం పాడవగానే మేయరు పర్యాటకులు దిగకూడదని ఉత్తర్వు ఇచ్చారు, దారిలో ఉన్న పడవలు వెనక్కి తిరిగాయి. మరమ్మతు అయ్యాక ఉత్తర్వు ఎత్తేశారు. ఆ ఏడాదే దిగినందుకు కట్టే రుసుమును సీజన్లో రెండున్నర నుంచి 5 యూరోలకు పెంచారు. అది పడవ టికెట్టులోనే కలిసి ఉంటుంది, రేవులో ఎవరైనా విడిగా అడిగితే ఇవ్వక్కర్లేదు.

వీలున్నవాళ్లు ఏప్రిల్ చివర, మే మొదట్లో, లేదంటే సెప్టెంబరు చివర వెళ్ళడం మంచిది. ఆగస్టు 15 అటూ ఇటూ ఇటలీ వాళ్లకే పెద్ద సెలవులు, ఆ వారం కాప్రి మాట ఎత్తొద్దు. జూన్ 2 వాళ్ల గణతంత్ర దినం, ఆ రోజూ అంతే. మే, జూన్ తప్ప వీలుకానివాళ్లు మంగళ, బుధవారాలు చూసుకోండి.

మీ పర్యాటక పేజీలో ఇలాంటి చోట్ల గురించి రాసేటప్పుడు ఏం చూడాలో చెప్పే పెట్టె పక్కనే, ఏ రేవు, ఆఖరి పడవ ఎన్నింటికి, ఏ గాలికి ఏది మూసేస్తారు అన్న మూడు వరుసలు కూడా వేయించమని మనవి.

ఇట్లు,
కొందరు పాఠకులు,
రావులపాలెం, కోనసీమ జిల్లా